లేత్ షెడ్డు మూసిన ఏడాది

జనవరి 6, సోమవారం

బ్యాంకు వాళ్ళు ఏటా ఇచ్చే డైరీ ఇది. ఏటా ఇంటి ఓనరు కిష్టవ్వ మనవరాలికి ఇచ్చేస్తాను, బొమ్మలు గీసుకుంటుంది. ఈసారి నా దగ్గరే ఉంచుకున్నాను. సాయంత్రం ఇంటికి వచ్చాక ఎవరో ఒకరితో నాలుగు మాటలు ఉండాలి కదా.

ప్రిన్సిపాల్ ఓంప్రకాశ్ సార్ పొద్దున పిలిచారు. మన చుట్టుపక్కల ఏ కొలువులు పెరుగుతున్నాయి, వాటికి ఏ పని నేర్చినవాళ్ళు కావాలి, దాన్ని బట్టి మన ఐ.టి.ఐ.లో ఏ ట్రేడ్ ఉంచాలి, ఏది తీసేయాలి అని పైనుంచి సర్వే అడిగారట. తీసేసిన ట్రేడ్ మాస్టర్లకు వేరే ఊరికి బదిలీ. మార్చిలోగా నివేదిక ఇవ్వాలి. ఆ పని నాకు అప్పగించారు.

"మీరైతే బాగుంటది మేడం. మీకు ఇంటి జంజాటం లేదు, ఎటన్న తిరిగొస్తరు" అన్నారు. గౌరవంగానే అన్నారు. నలభై మూడేళ్ళు దాటిన పెళ్ళికాని ఆడమనిషితో ఈ మాట అందరూ గౌరవంగానే అంటారు.

మధ్యాహ్నం కైలాసం సార్‌కి చెప్పాను. ఆయన నవ్వి, "అయితే మా మిషన్ల జాతకం మీ చేతుల వడ్డదన్నట్టు" అన్నారు.

నా కుట్టు క్లాసుకీ ఆయన లేత్ షెడ్డుకీ మధ్య గోడ ఒక్కటే. ఆ గోడ ముందు రేకుల పంచ, అందులో ఒక బెంచీ. స్టాఫంతా మధ్యాహ్నం క్వార్టర్లకు వెళ్ళి తింటారు. ఇంటికి వెళ్ళినా పలకరించేవాళ్ళు లేనిది మా ఇద్దరికే. ఆయన భార్య పోయాక, ఆ ఇంట్లో ఉండలేక హుజూరాబాద్ నుంచి బెల్లంపల్లికి అడిగి మరీ బదిలీ చేయించుకున్నారు. ఆరేళ్ళుగా ఆ బెంచీ మీద ఆయన జొన్నరొట్టె, నా పచ్చిపులుసు. మాట్లాడుకునేది కూడా పెద్దగా ఏమీ ఉండదు.

జనవరి 17, శుక్రవారం

మంచిర్యాల వెళ్ళాను. కరెంటు బండ్లు అమ్మే షోరూం. యజమాని శ్యాంసుందర్ నా ప్రశ్నలన్నిటికీ ఓపికగానే జవాబు చెప్పాడు.

"బండి అమ్ముడు కష్టం కాదు మేడం. బ్యాటరీ ఖరాబైతే ఇప్పి చూసెటోడే లేడు. హైదరాబాద్ పంపాలె. అది వచ్చేదాంక గిరాకి నా నెత్తి మీద కూసుంటడు. గసుంటి పోరగాళ్ళను ఇయ్యుండ్రి, ఎంతమందినైనా పెట్టుకుంట."

లేత్ పని వచ్చిన కుర్రవాళ్ళు పనికొస్తారా అని అడిగాను. ఆయనకు ప్రశ్న అర్థం కాలేదు. ఇనుప కడ్డీని తిప్పుతూ చెక్కి బుష్షులు, షాఫ్టులు తయారుచేసే పని అని చెప్పాను. "అవన్నీ డబ్బాల ప్యాకై వస్తయి మేడం" అన్నాడు.

రాసుకోలేదు. ఒక్క షోరూం మాటతో ఏం తేలుతుంది?

జనవరి 29, బుధవారం

ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్ళాను. కిందటి ఏడాది కొత్త డయాలసిస్ మిషన్లు తెచ్చారు. రెండు గుడ్డ కప్పి ఉన్నాయి, నడిపేవాళ్ళు లేక. అక్కడి హెడ్ నర్సు మమతారాణి నాకంటే చిన్నదే. మిషన్ నేర్పడానికి కొన్ని నెలలు చాలు, నేర్చినవాళ్ళు నిలబడటం లేదు అంది. నాలుగు గంటలు మంచం మీద కదలకుండా పడుకునే మనిషి పక్కన ఉండాలి, ఆ మనిషి విసుగు భరించాలి, బీపీ పడిపోతుంటే మొహం చూసి పట్టుకోవాలి.

ఆమె మాట్లాడుతుంటే ఒక పెద్దాయన మిషను పక్కనుంచి చెయ్యి ఊపాడు. నన్ను ఎవరనుకున్నాడో. నేనూ ఊపాను. వచ్చేటప్పుడు మళ్ళీ ఊపాడు.

ఫిబ్రవరి 11, మంగళవారం. నిర్మల్

లాడ్జిలో కూర్చొని రాస్తున్నాను. భైంసాలో పత్తి జిన్నింగు మిల్లు చూసి వచ్చేసరికి బెల్లంపల్లి బస్సు అందలేదు. కౌంటర్లో మనిషి "ఒక్కలేనా మేడం?" అని రెండుసార్లు అడిగాడు. ఒక్కదాన్నే అని రెండుసార్లు చెప్పాను. అవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలి అనే చోట చెల్లెలు వినోద నంబరు రాశాను. అది సిరిసిల్లలో ఉంటుంది. ఏదన్నా అయితే వచ్చేసరికి తెల్లారుతుంది.

మిల్లు నిండా దూది. మాటలు వినపడవు. మేనేజరు వెంకటి బయటికి తీసుకొచ్చి మాట్లాడాడు. "కాయ్ సాంగూ మేడం, ఏం చెప్పాలె. మోసెటోళ్ళు బీహార్ నుంచి వస్తరు, ఫికర్ లేదు. గా ప్యానెల్ బోర్డు మీద ఎర్రబత్తి వెలిగి మిషన్ ఆగిందనుకో, నాగ్‌పూర్ నుంచి మనిషి రావాలె. గంతదాంక పత్తి బండ్లు రోడ్డు మీదనే. రైతులు నన్ను తిడుతరు."

ఆ తెర మీద ఏం వచ్చిందో చదివి ఫోన్లో చెప్పగలిగేవాడు ఒక్కడున్నా సగం పని అయిపోతుందట. మా ఊరి పిల్లలు ఎంతమంది ఇంటర్ చదివి ఖాళీగా లేరు! ఇది బాగా పట్టుకోవాల్సిన విషయం. గబగబా రాసుకున్నాను. సంతోషమనిపించింది, ఎవరికన్నా చెప్పాలనిపించింది.

వినోదకు ఫోన్ చేశాను. "అక్కా, పిల్లల పరీక్షలు, మల్ల చేస్త" అంది.

కైలాసం సార్ నంబరు నొక్కి, మోగకముందే కట్ చేశాను. అయినా ఆయనకు వెళ్ళింది. వెంటనే తిరిగి చేశారు. "ఏమన్న పరేషానా మేడం? ఎక్కడున్నరు?" అని అడిగారు. పొరపాటున వేలు తగిలిందని చెప్పాను. "తలుపు గడియ మంచిగ పెట్టుకోండ్రి" అని ఫోన్ పెట్టేశారు.

నిజంగానే పొరపాటున తగిలింది.

ఫిబ్రవరి 20, గురువారం

మా బజారులో లేత్ దుకాణాలు తిరిగాను. ఒకప్పుడు గనుల వల్ల ఈ వీధిలో నడవడానికి చోటుండేది కాదట. ఇప్పుడు మూడే మిగిలాయి. పెద్దది హనుమండ్లుది. రెండు మిషన్లలో ఒకదాని మీద గోనెసంచులు పరిచి ఉన్నాయి, పిల్లి పడుకుంది.

కొత్తవాళ్ళు ఎంతమంది కావాలని అడిగితే నవ్వాడు. "నేనే రేపో మాపో మూసి బిడ్డ దగ్గరికి పోదామనుకుంటున్న, నాకు మనుషులెందుకమ్మా?"

రైసు మిల్లులు పెరుగుతున్నాయి కదా, వాటి రిపేర్లు వస్తే కావాలి కదా అన్నాను. వస్తే కావాలి అన్నాడు. మరి నలుగురు కావాలని రాయనా అన్నాను. నావైపు కాసేపు చూసి, "రాసుకో బిడ్డా, నాకేం పోయేదున్నది" అన్నాడు.

మిగిలిన రెండు దుకాణాల్లోనూ అలాగే అడిగాను. అలాగే రాశాను.

అబద్ధం అనలేం. వస్తే కావాలి అనే కదా చెప్పారు.

మార్చి 7, శుక్రవారం

చిత్తుప్రతి ఇచ్చాను. లేత్ పని నేర్పే టర్నర్ ట్రేడ్ కొనసాగించవచ్చు అని రాశాను. ఓంప్రకాశ్ సార్ పేజీలు తిప్పి, "శెభాష్, ఎవ్వల పొట్ట కొట్టకుంట రాసిండ్రు" అన్నారు.

కైలాసం సార్‌కి చెప్పలేదు. ఆయన ఈ రోజు మామిడికాయ పప్పు తెచ్చారు, ఉప్పు ఎక్కువైంది. బాగుందన్నాను.

మార్చి 18, మంగళవారం

ఈ రోజు జరిగింది వరుసగా రాయాలి, లేకపోతే రేపటికి నాకు అనుకూలంగా మార్చుకుంటాను.

ఆయన వచ్చి కూర్చున్నారు. డబ్బా తెరవలేదు. పొద్దున హనుమండ్లు దుకాణానికి వెళ్ళారట, పనిముట్లకు సాన పట్టించడానికి. "మేడం నలుగురు కావాలని రాసుకపోయింది, నీ కొలువుకు ఢోకా లేదు పో" అని వాడు పరాచికం ఆడాడట.

"వాని మిషనుకే పని లేదు మేడం. నలుగురిని పెట్టి ఏం చేస్తడు?"

మిల్లులు పెరుగుతున్నాయి, ముందు ముందు రావచ్చు అన్నాను. నా గొంతు నాకే ప్రిన్సిపాల్ గొంతులా వినపడింది.

ఆయన చాలాసేపు చేతులకు అంటిన నూనె తుడుచుకుంటూ ఉండిపోయారు. తర్వాత మెల్లగా చెప్పారు. "నిరుడు నా దగ్గర పాసైన పోరగాళ్ళల్ల ఒక్కడు గూడ లేత్ మీద లేడు. ఒకడు హోటల్ల గిన్నెలు కడుగుతుండు. ఒకడు మొన్న బజార్ల నన్ను చూసి సందులకు మర్లిండు. వాడేదో తప్పు చేసినట్టు. ఇంకెంతమందిని గట్ల మర్లిపిద్దాం?"

ఆయనే మళ్ళీ అడిగారు.

"ఎవరి కోసం రాసిండ్రు మేడం?"

"పిల్లల కోసం సార్. ట్రేడ్ కోసం."

ఆయన నావైపు చూశారు. నేనింకేదో చెబుతానని ఆగినట్టు అనిపించింది. నేను పచ్చిపులుసు గిన్నె మూత పెట్టాను, తీశాను, మళ్ళీ పెట్టాను.

"పిల్లల కోసమైతే కొట్టెయ్యుండ్రి" అని లేచి షెడ్డులోకి వెళ్ళిపోయారు. డబ్బా తెరవకుండానే.

అడిగినప్పుడు ఆయన గొంతులో కోపం లేదు. అదే నాకు అర్థం కావడం లేదు.

మార్చి 19, బుధవారం

సార్ బెంచీ దగ్గరికి రాలేదు. పని ఉండి ఉంటుంది.

మార్చి 21, శుక్రవారం

రాలేదు. పరీక్షల పని.

మార్చి 24, సోమవారం

షెడ్డులోనే తింటున్నారు. కిటికీలోంచి కనిపించింది. మిషను వైపు తిరిగి కూర్చొని తింటున్నారు.

నాకేం ఫికర్ లేదు. నేను రాసింది ఆయన మంచికే.

మార్చి 26, బుధవారం

నివేదిక వెనక్కి తీసుకున్నాను. ఓంప్రకాశ్ సార్ చిరాకు పడ్డారు. "అందరు సంతోషంగున్నరు, మీకేమైంది?" అన్నారు. మళ్ళీ చూసుకోవాలి సార్ అని మాత్రం చెప్పాను.

మూడు దుకాణాల లెక్క కొట్టేశాను. కొట్టేశాక టర్నర్ ట్రేడ్ పక్కన రాయడానికి ఏమీ మిగల్లేదు. దాని స్థానంలో కరెంటు బండ్లు, ప్యానెల్ బోర్డులు బాగుచేసే కొత్త ట్రేడ్ పెట్టాలని రాశాను. ఆ వాక్యం రాసి, లేచి వాకిట్లో తిరిగి, మళ్ళీ వచ్చి చూశాను. సరిగ్గానే ఉంది.

మార్చి 30, ఆదివారం

ఉగాది. కిష్టవ్వ పచ్చడి ఇచ్చింది. "ఈ వాడల సగం క్వార్టర్లకు తలుపులు లేవు, గనులు మూసినంక ఎవలు మిగిలిండ్రు? నువ్వన్న ఉన్నవ్ బిడ్డా" అంది. ఆమె మొగుడు గనిలో పనిచేసి, రిటైరయ్యాక చనిపోయాడు. పచ్చడి గిన్నె నాకిచ్చాక కూడా నిలబడి ఉంది. కూర్చోమన్నాను. ఇద్దరం టీవీలో పంచాంగం విన్నాం. నా రాశికి రాజపూజ్యం ఎక్కువట.

ఏప్రిల్ 8, మంగళవారం

మంచిర్యాలలో సమావేశం. జిల్లాలోని ప్రిన్సిపాళ్ళంతా వచ్చారు. పెద్దాఫీసరు ఒకరు మధ్యలో కూర్చున్నారు. నన్నే చదవమన్నారు.

చదివాను. ఇన్నేళ్ళుగా మనం పిల్లల చేతులకు పని నేర్పాం, ఇప్పుడు పెరిగే కొలువులన్నీ వాళ్ళ కళ్ళకూ నోటికీ కూడా పని నేర్పమంటున్నాయి అన్నాను. తెర మీద వచ్చిన తప్పును చదవడం, చదివింది ఎక్కడో ఉన్న మనిషికి ఫోన్లో అర్థమయ్యేలా చెప్పడం, కరెంటుకు భయపడకుండా, అట్లా అని నిర్లక్ష్యం చేయకుండా పనిచేయడం, మంచం మీదున్న మనిషి మొహం చూసి అర్థం చేసుకోవడం. జిన్నింగు మిల్లు సంగతి, ఆసుపత్రిలో గుడ్డ కప్పిన మిషన్ల సంగతి చెప్పాను. ఆఫీసరు రాసుకున్నారు. టర్నర్ ట్రేడ్ తీసేయవచ్చు అని చదివేటప్పుడు నా గొంతు ఆగలేదు. ఆగుతుందనుకున్నాను.

కూర్చోబోయి మళ్ళీ నిలబడ్డాను. నివేదికలో లేనిది ఒకటి చెప్పాలన్నాను. ట్రేడ్ మూసినా మాస్టర్లను వేరే చోటికి పంపొద్దని, కొత్త పనిలో వాళ్ళకే శిక్షణ ఇప్పించాలని, ముప్పై ఏళ్ళు పిల్లలకు పని చెప్పిన మనిషికి ఎలా చెప్పాలో తెలుసునని, అది ఎక్కడా కొనుక్కోలేమని అన్నాను. అడగకుండా నేను సభలో నోరు తెరవడం ఇదే మొదటిసారి. ఓంప్రకాశ్ సార్ తల వంచుకొని నవ్వుతున్నారు. ఎందుకు నవ్వుతున్నారో తెలిసింది. తెలియనట్టు కూర్చున్నాను.

ఆఫీసరు మాత్రం "మంచి మాట" అన్నారు.

ఏప్రిల్ 10, గురువారం

షెడ్డులోకి నేనే వెళ్ళాను. ఆయన మిషన్లకు నూనె పెడుతున్నారు, ఒక్కరే. అంతా చెప్పాను. ట్రేడ్ తీసేయమన్నది ముందు చెప్పాను, శిక్షణ సంగతి తర్వాత.

"మంచి పని చేసిండ్రు" అన్నారు. నూనె డబ్బా పక్కన పెట్టలేదు. కాసేపు నిలబడి వచ్చేశాను.

మే 23, శుక్రవారం

ఉత్తర్వులు వచ్చాయి. టర్నర్ ట్రేడ్ ఈ ఏడు నుంచి లేదు. కొత్త ట్రేడ్ మంజూరైంది. కైలాసం సార్‌కి హైదరాబాద్‌లో ఐదు నెలల శిక్షణ, తర్వాత ఇక్కడే పోస్టింగ్.

ఇక్కడే.

బయట నలభై ఐదు డిగ్రీలు ఉందట. కిష్టవ్వ చెప్పేదాకా తెలియలేదు. "ఏందే, పెండ్లిపిల్ల లెక్క నవ్వుకుంటున్నవ్" అంది. సర్వే మంచిగైంది అవ్వా, అందుకే అన్నాను.

ఐదు నెలలంటే ఎంత, దసరా దాటితే అయిపోతుంది.

జూన్ 3, మంగళవారం

ఆయన హుజూరాబాద్ వెళ్ళిపోతున్నారు.

శిక్షణ వద్దని రాసిచ్చి, అక్కడి ఐ.టి.ఐ.కి బదిలీ అడిగారట. ఆ సంస్థలో టర్నర్ ట్రేడ్ ఇంకా ఉంది. కూతురు అలేఖ్య ఆ ఊళ్ళోనే ఉంటుంది. సంగతి నాకు ఓంప్రకాశ్ సార్ చెప్పారు. "మీరు అంత కొట్లాడితిరి, ఆయన చూస్తే గిట్ల" అన్నారు, నా మొహం చూస్తూ.

మంచిదే సార్, కూతురి దగ్గర ఉంటారు అన్నాను.

క్లాసులో పొద్దున కత్తిరించిన జాకెట్టు గుడ్డ మళ్ళీ కత్తిరించాను. పాడైపోయింది.

జూన్ 14, శనివారం

వీడ్కోలు సభ. శాలువా కప్పారు. అందరూ మాట్లాడారు. నన్నూ మాట్లాడమన్నారు. కైలాసం సార్ క్రమశిక్షణ గల మనిషి, ఆయన షెడ్డు ఎప్పుడూ శుభ్రంగా ఉండేది అని చెప్పి కూర్చున్నాను. ఆరేళ్ళకు ఆ రెండు ముక్కలు.

ఆయన లేచి పిల్లల గురించి మాత్రమే మాట్లాడారు. వెళ్ళేటప్పుడు అందరికీ దండం పెట్టారు. నాకూ అందరితో పాటే పెట్టారు.

బస్టాండుకు వెళ్ళలేదు. నేనెందుకు వెళ్ళాలి?

జూన్ 26, గురువారం

లేత్ మిషన్లను పాత ఇనుము కింద తీసుకెళ్ళారు. క్రేను వచ్చింది. సరిగ్గా పనిచేసే మిషన్లను గొలుసుతో కట్టి లేపుతుంటే చూడాలనిపించలేదు, అయినా చూశాను. నేల మీద అవి ఉన్నచోట నల్లటి నూనె మరకలు మిగిలాయి. కూలీలు రంపపు పొట్టు చల్లి కడిగారు. పోలేదు.

జూలై 9, బుధవారం

కొత్త ట్రేడ్‌కి సీట్ల కంటే దరఖాస్తులు ఎక్కువ వచ్చాయి. అమ్మాయిలు కూడా ఉన్నారు. నా దగ్గర కుట్టు నేర్చుకున్న ఒకమ్మాయి చెల్లెలు చేరింది. హైదరాబాద్ నుంచి కొత్త సార్ వచ్చాడు, చిన్నవాడు, ఎప్పుడూ చెవిలో ఇయర్‌ఫోన్. షెడ్డుకు తెల్ల రంగు వేశారు. సర్వే నిజమైంది. అందరూ నన్ను మెచ్చుకుంటున్నారు.

రాత్రి అన్నం వండలేదు.

జూలై 16, బుధవారం

వినోద ఫోన్ చేసింది. ఏమైందక్కా అంది. ఏమీ లేదన్నాను. మళ్ళీ అడిగింది. చెప్పాను. పేరు చెప్పడానికి చాలాసేపు పట్టింది. అది విని, "ఆయనకు చెప్పినవా?" అంది.

లేదన్నాను.

"మరి నాకెందుకు చెప్తున్నవ్ అక్కా?"

జూలై 20, ఆదివారం

హుజూరాబాద్ వెళ్ళి వచ్చాను.

కరీంనగర్‌లో బస్సు మారి, పదకొండింటికి దిగాను. దిగాకే ఫోన్ చేశాను, ముందే చేస్తే మానుకుంటానని. ఆయన పది నిమిషాల్లో బస్టాండుకు వచ్చారు. స్కూటరు ముందు మూడేళ్ళ మనవడు నిలబడి ఉన్నాడు. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. ఎండలో ఎందుకు వచ్చారని మాత్రం అన్నారు.

కూతురు అలేఖ్య చాయ్ ఇచ్చింది. మర్యాద గల పిల్ల. పిల్లలెంతమంది మేడం అని అడిగి, లేరని చెప్పగానే నాలుక కరుచుకుంది. కాసేపటికి కొడుకును ఎత్తుకొని పక్కింటికి వెళ్ళింది. కావాలనే వెళ్ళిందనుకుంటాను.

అక్కడి ఐ.టి.ఐ. ఎలా ఉందని అడిగాను. పిల్లలు తక్కువే, అదీ మూసేస్తారు, అప్పటికి తాను రిటైరవుతానని చెప్పారు. ఫ్యాను చప్పుడు.

శిక్షణకు ఎందుకు వెళ్ళలేదని అడిగాను.

ఆయన వెంటనే చెప్పారు, ఎప్పుడో తయారు చేసి పెట్టుకున్నట్టు. "భయమైంది మేడం. మీ తోని అబద్ధమెందుకు? యాభై ఎనిమిదేండ్లు. పిలగాళ్ళ నడుమ బెంచీ మీద కూసోని, రాకపోతే నవ్వుతరని. లేత్ ముంగట నిలవడితే నేను సార్‌ను. అక్కడ నేనెవ్వన్ని?"

నేను ఊళ్ళన్నీ తిరిగి ఏ పని నేర్చుకోవాలో రాశాను. నేర్చుకోవాల్సిన మనిషికి భయం వేస్తుందని ఒక్క చోట కూడా రాయలేదు. ఆయన కోపంతో వెళ్ళారనుకున్నాను, అవమానంతో వెళ్ళారనుకున్నాను. ఈ మాట నాకు తట్టలేదు. తట్టాల్సింది. భయం సంగతి నాకంటే ఎవరికి తెలుసు?

అప్పుడు చెప్పాను. "ఆ దినం అడిగిండ్రు కదా సార్, ఎవరి కోసం రాసిన్నని. మీ కోసమే రాసిన. మీరు పోతరని రాసిన."

ఆయన తల ఊపారు. "నాకెరుకే."

"ఎరుకైతే ఎందుకడిగిండ్రు?"

"మీ నోట విందామని."

ఇంకా ఏదో అంటారని చూశాను. ఆయన కిటికీ వైపు తిరిగారు. "గప్పుడంటే ట్రైనింగుకు పోయేటోన్నేమో. వెనుక ఒకరు చూస్తుండ్రంటే ధైర్యం వస్తది. ఇప్పుడు ఇక్కడ కాలువెట్టిన. బిడ్డ పాఠాలు చెప్ప బడికి పోతది, మనుమడు నా తాననే ఉంటడు. మల్ల లేవదీసుకోని యాడికి పోను మేడం? నాతోని కాదు."

నేను ఏడవలేదు. అర్థమైందన్నాను. నిజంగానే అర్థమైంది, ఈసారి నాకు నేను చెప్పుకున్న మాట కాదు.

అన్నం తిన్నాను. అలేఖ్య బెండకాయ కూర చేసింది. మనవడు నా సంచి మొత్తం తీసి నేల మీద పరిచాడు, ఆయన ఒక్కొక్కటి ఏరి లోపల పెట్టారు.

నాలుగింటి బస్సుకు తీసుకొచ్చారు. ఆదివారం రద్దీ. బస్సు ఎక్కి కండక్టరుతో, "మా మేడం, జర కిటికీ పొంటి సీటు చూడుండ్రి" అని చెప్పి దిగారు. కండక్టరు ఆడమనిషి, నా వయసే ఉంటుంది. బస్సు కదిలేదాకా ఆయన కిందే నిలబడ్డారు. చెయ్యి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. మలుపు తిరిగాక కనిపించలేదు.

ఊరు దాటాక కండక్టరు టికెట్లు కొడుతూ నా దగ్గరికి వచ్చింది. ఆధార్ చూసి, ఆడవాళ్ళకిచ్చే సున్నా టికెట్ కొడుతూ, "ఆ సార్ మీకేమైతరమ్మా?" అంది. ఊరికే అడిగింది, అందరినీ అడిగినట్టే.

మాతో పనిచేసేవారు అనబోయాను. ఆ మాట నోటిదాకా వచ్చింది.

"నేను ఇష్టపడ్డ మనిషి" అన్నాను.

ఆమె టికెట్ చింపి నా చేతిలో పెట్టింది. ఇంకా వెనుక సీట్లవాళ్ళకు కొట్టాల్సి ఉంది, అయినా వెంటనే వెళ్ళలేదు. టికెట్ మిషను ఒళ్ళో పెట్టుకొని, నా పక్క సీటు అంచున కాసేపు కూర్చుంది.